పోగు లేని మెలిక

సిరిసిల్లలో బాలమల్లు వేళ్ల మీద ఒక మాట ఉండేది. ఆయన పాడె మీద పడుకున్నా ఆ వేళ్లు మాత్రం పోగులు అతుకుతూనే ఉంటాయట. ఎవరు అన్నారో గానీ వాడకట్టంతా నవ్వుకుంది. బాలమల్లూ నవ్వాడు. ఆయన భార్య శంకరవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది. మొగుడి పనితనాన్ని నలుగురూ మెచ్చుకుంటే ఏ ఆడదానికి చేదు? ఆ నవ్విన నవ్వే తర్వాత ఆమె గొంతులో ముల్లయి కూర్చుంది.

ఆ పనేమిటో ముందు చెప్పాలి. చెప్పకపోతే అంత మంది కలిసి అంత పొరపాటు ఎలా పడ్డారో అర్థం కాదు. సిరిసిల్లలో కరెంటు మగ్గాలను సాంచాలు అంటారు. నిలువు పోగులన్నీ ఒక పెద్ద కడ్డీకి చుట్టి సాంచా వెనక బిగిస్తారు, దాన్ని భీము అంటారు. ఒక భీము అయిపోగానే కొత్తది ఎక్కించాలి. ఎక్కించడమంటే తగిలించి చేతులు దులుపుకోవడం కాదు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటే, వేలకు వేలు, చేత్తో కలపాలి. ముడి వేస్తే పనికిరాదు, పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చు పళ్ల సందులో ఇరుక్కుని తెగుతుంది. రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కాస్త బూడిద అద్ది, మెలి తిప్పాలి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే తిప్పుడు. బాలమల్లు కుర్రతనంలో గుంట మగ్గం దగ్గర మొదలుపెట్టి, సాంచాలు వచ్చాక వాటి దగ్గరా అదే పని చేశాడు. కొడుకు వెంకటికీ అదే నేర్పాడు.

ఏళ్లకేళ్లు ఆ పని చేసినవాళ్ల వేళ్లు ఖాళీగా ఉన్నప్పుడూ ఊరుకోవు. చాయ్ తాగుతూనో, ముచ్చట్లు వింటూనో రెండు వేళ్లను రాసుకుంటూ ఉంటారు. కాబట్టి పంతొమ్మిది వందల తొంభైలో బాలమల్లు కుడిచెయ్యి ఒడిలో పడుకుని దానంతటదే తిరగడం మొదలుపెడితే ఎవరికి అనుమానం వస్తుంది? పైగా అసలు మాయ ఇంకోటి ఉంది. పోగు పట్టుకుంటే ఆ వేళ్లు బుద్ధిగా చెప్పినట్టు వినేవి. పోగు వదిలి చెయ్యి ఒడిలో పెడితేనే మెలిక మొదలయ్యేది. జబ్బు చెయ్యి అయితే పనిలో తప్పు చేయాలి కదా? ఈయన పనిలో ఒక్క పోగు తప్పు పోలేదు. ఇంకేం, మల్లన్న కలలో కూడా భీము ఎక్కిస్తాడని వాడకట్టు తీర్మానించేసింది.

తర్వాత ఒకటొకటే వచ్చాయి. అంగీ గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడ్డాడు. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం మానేసింది. మాట లోగొంతుకలోకి దిగింది. మొహం మీద నవ్వు పోయింది. ఈ చివరిదాన్ని శంకరవ్వ తన మీద అలకనుకుంది. ఏం పాపం చేశానని మొహం గోడలా పెట్టుకు తిరుగుతున్నావని దెబ్బలాడింది, నాలుగు రోజులు మాట్లాడ్డం మానేసింది కూడా. ఆయన తను మామూలుగానే ఉన్నానన్నాడు. నిజంగానే ఆయన లోపల మామూలుగానే ఉన్నాడు, మొహమే మాట వినడం లేదు. అది ఆమెకెలా తెలుస్తుంది?

వేములవాడలో తెలిసింది. ఇంటి మొక్కు ఉందని రాజన్నకు కోడెను కట్టడానికి వెళ్లారు. కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరిగినంత సేపూ బాలమల్లు చెయ్యి బాగానే ఉంది. మొక్కు తీరి, పగ్గం అప్పజెప్పి, మెట్ల మీద కూర్చోగానే వేళ్లు తిరగడం మొదలుపెట్టాయి. పక్కన సద్ది విప్పుకుంటున్న ఒక ఆడమనిషి అటే చూస్తోంది. ఆదిలాబాదు దిక్కు ఇచ్చోడ నుంచి వచ్చిందట. కాసేపు చూసి చూసి శంకరవ్వ దగ్గరికి జరిగింది.

“గాయన చేతికేమైందక్కా? మా మామకు గూడ గిట్లనే ఉండె” అంది.

శంకరవ్వ నవ్వింది. “ఏం గాలే. మా ఆయిన పోగులు అతుకుతడు. గదే అలవాటు.”

ఆ మనిషి నవ్వలేదు. “మా మామ పోగులు అతకలేదక్కా. పత్తిచేన్ల పనిజేసేటోడు.”

శంకరవ్వ చేతిలో ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది. మరి ఆయనకిప్పుడెలా ఉందని అడగబోయి అడగలేదు, ఆ మనిషి ‘ఉండె’ అంది కదా. మొగుడి చెయ్యిని అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూసింది. సాలెవాడలో అందరూ సాలెకళ్లతో చూశారు, ఎవరికీ కనబడలేదు. మగ్గం మొహం ఎరగని మనిషి ఒక్క చూపులో కనిపెట్టేసింది. బస్సులో సిరిసిల్లకు వచ్చేదాకా శంకరవ్వ ఆ చేతిని తన చేతిలో గట్టిగా పట్టుకుని కూర్చుంది. పట్టు వదిలితే చాలు, మళ్లీ తిరుగుతోంది.

సూదుల డాక్టర్లు బలానికి సూదులు వేశారు. వాటితో ఏమీ కాకపోయేసరికి కరీంనగర్‌లో నరాల డాక్టర్ మధుసూదన్‌రావు దగ్గరికి వెళ్లారు. పెద్ద కుటుంబంలో పుట్టిన మనిషే గానీ ఓపిక ఉన్నవాడు. బాలమల్లును అటూ ఇటూ నడిపించాడు. మోచేతిని పట్టుకుని వంచితే అది సాఫీగా వంగలేదు, సాంచా పళ్ల చక్రంలా ఆగి ఆగి కదిలింది. ఇది అలవాటు కాదని, పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బని, వేళ్ల తిప్పుడే దాని మొదటి గుర్తని చెప్పాడు. శంకరవ్వకు ఆ పేరు నోరు తిరగలేదు. ఎందుకొచ్చిందని మాత్రం అడిగింది, కొట్లాడే గొంతుతో అడిగింది.

డాక్టర్ కోప్పడలేదు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ ఉంటుంది, బతికించేదీ అదే, కాల్చేదీ అదే అన్నాడు. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పొయ్యి ఉంటుంది, తిన్న తిండిని ఆ గాలితో కాల్చి శక్తి పుట్టిస్తుంది. పొయ్యి ఉన్నచోట నిప్పురవ్వలు లేవకుండా ఉండవు. ఆ రవ్వలను ఎప్పటికప్పుడు ఆర్పే ఏర్పాటూ ఒంట్లోనే ఉంటుంది. రవ్వలు ఎక్కువై ఆర్పేవి తక్కువైతే కణం లోపలినుంచే చెడిపోతుంది. ఇనుము తుప్పు పట్టేదీ గాలికే, నూనె కంపు కొట్టేదీ గాలికే కదా. మెదడు రెండు పిడికిళ్లంతే ఉన్నా గాలిని మాత్రం బకాసురుడిలా లాక్కుంటుంది, పైగా దాన్నిండా కొవ్వే. ఆ మెదడు అడుగున నల్లటి చోటు ఒకటి ఉంది. చేతులూ కాళ్లూ మనం చెప్పినట్టు కదలడానికి కావలసిన రసం అక్కడే తయారవుతుంది. ఆ రసం తయారీలోనే రవ్వలు ఎక్కువ, ఇనుము చేరేదీ అక్కడే, ఆర్పేవి తక్కువ. అందుకే ఆ కణాలు ముందు చచ్చిపోతాయంటున్నారట. చెయ్యి తిరగడం బయటికి కనబడేసరికే సగానికి సగం పోయి ఉంటాయట. ముసలితనంలో మతి తప్పే జబ్బులోనూ, కాళ్లూ చేతులూ ఎండిపోయే జబ్బులోనూ ఇలాంటి రవ్వల జాడలే కనబడుతున్నాయట. అయితే రవ్వల వల్ల కణాలు చస్తున్నాయో, చస్తున్న కణాల్లోంచి రవ్వలు లేస్తున్నాయో ఇంకా తేలలేదని ఆయనే ఒప్పుకున్నాడు.

“మరి ఆర్పేటి మందు లేదా సారూ?” అంది శంకరవ్వ.

పరదేశాల్లో వందల మందికి ఏళ్ల తరబడి విటమిన్ ఈ ఇచ్చి చూశారని, దాంతో జబ్బు ఆగలేదని ఈమధ్యే తేలిందని డాక్టర్ చెప్పాడు. తగ్గిన రసాన్ని పూడ్చే గోలీలు ఉన్నాయి, వాటితో నడకా పనీ కొన్నేళ్లు తేలికవుతాయి, చచ్చిన కణాలు మాత్రం తిరిగి రావు. ఆకుకూరలు, ఉసిరికాయలు తింటే ఒంటికి మంచిదే, అవి మందు మాత్రం కావు అన్నాడు.

లేవబోతూ ఆమె అడగకూడదనుకున్నది అడిగేసింది. “గిది పిల్లలకు వస్తదా?”

“ఎక్కువగా రాదమ్మా” అన్నాడు డాక్టర్.

రాదు అన్నది ఇంకెవరికైనా వినిపించేది. శంకరవ్వకు ‘ఎక్కువగా’ ఒక్కటే వినిపించింది. ఆ ఒక్క మాటను కొంగున కట్టుకుని ఇంటికి వచ్చింది.

ఇంట్లో ముగ్గురూ ఒక మాట మీద నిలబడ్డారు. ఎవరడిగినా మోకాళ్ల నొప్పులకు కరీంనగర్ వెళ్లామని చెప్పాలి. ఎందుకంటే సాంచాల ఆసామి లింగమూర్తి చెడ్డవాడు కాదు గానీ భీము దగ్గర చుట్టరికం చూసే మనిషి కాదు. మెదడు జబ్బుతో చెయ్యి తిరుగుతోందని తెలిస్తే ఆ చేతికి పోగు అప్పజెప్పడు. గోలీలు మొదలుపెట్టాక బాలమల్లు నడక కుదురుకుంది, పని జరుగుతోంది. గోలీ జోరు తగ్గే వేళకు ఒడిలో చెయ్యి మాత్రం తిరిగేది. తిరిగితే తిరగనీ, ఊరికి అది పాత పరాచికమే కదా. ఏ పొరపాటు వాళ్లను ఇన్నేళ్లు ముంచిందో, ఇప్పుడు ఆ పొరపాటు చాటునే తలదాచుకున్నారు.

అలా ఓ ఎండాకాలం గడిచింది. ఒకనాడు కరెంటు పోయింది. సిరిసిల్లలో కరెంటు పోతే చెవులు చిల్లులు పడేలా మోగే ఊరు ఒక్కసారిగా మూగబోతుంది, జనమంతా ఉక్కకు ఓర్వలేక అరుగుల మీదికి వస్తారు. నూలు కండెలు చుట్టే పని ఆపి శంకరవ్వ కూడా బయటికొచ్చింది. పక్కింటి సత్తమ్మ ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ వైపు చెయ్యి చూపించి నవ్వింది.

“శంకరక్కా, నీ కొడుకు తండ్రిని మించిండే. చెయ్యి ఊకుంటలేదు జూడు.”

హోటల్ బల్ల మీద తండ్రీ కొడుకూ పక్కపక్కన కూర్చున్నారు. బాలమల్లు చెయ్యి తిరుగుతోంది. దాని పక్కనే వెంకటి కుడిచెయ్యి, ఒడిలో అదే వాలు, అదే బొటనవేలు, అదే చూపుడువేలు, మెల్లగా తిరుగుతోంది. సత్తమ్మ ముందు నవ్వాలి కాబట్టి శంకరవ్వ నవ్వింది. లోపలికి వెళ్లి కుండలోంచి నీళ్లు ముంచుకుని, తాగడం మరిచిపోయి చెంబుతో అలాగే నిలబడింది.

అక్కడినుంచి ఆమెకు తిండి సయించలేదు. కొడుకు అన్నం కలుపుతుంటే చెయ్యి చూసేది, బీడీ ముట్టిస్తుంటే చెయ్యి చూసేది. పనిలో చెయ్యి నిలకడగా ఉంది. ఉంటే ఏం? తండ్రిదీ ఉంది. పొద్దుటి పాళీ చేసి మధ్యాహ్నం పడుకుంటే పక్కన కూర్చుని విసురుతూ చూసింది. నిద్రలో కదల్లేదు. ఊపిరి పీల్చుకోబోయింది. ఇటు తిరిగి చూస్తే, మూలన పడుకున్న బాలమల్లు చెయ్యి కూడా నిద్రలో కదలడం లేదు. ఏ గుర్తు పట్టుకుని ధైర్యం తెచ్చుకుందామన్నా అది తండ్రి దగ్గర చెడిపోతోంది.

తుప్పు అన్న మాట ఒకటి ఆమెను పట్టుకుంది. సాలెవాళ్లకు తుప్పంటే ఎంత భయమో వేరే చెప్పక్కర్లేదు, అచ్చు పంటికి చుక్కంత తుప్పు పడితే బట్ట తాను పొడుగునా గోధుమరంగు చార పడుతుంది. తుప్పు ఎలా ఆపాలో ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు, తడి తగలనీయకూడదు. ఇంకేముంది, వానలో తడవొద్దని కొడుకు వెంట పడింది. ఇనుప మూకుడు తీసి అటక మీద పారేసింది. పూటపూటకూ తోటకూర, జామకాయలు, ఉసిరి తొక్కు. ఇరవై నాలుగేళ్ల మగపిల్లాడు, బాలింతను చూసినట్టు చూస్తున్నావేంటే అవ్వా అని విసుక్కున్నాడు. మెదడులో లేచే నిప్పురవ్వలకు గొడుగు పడితే ఏం లాభమని డాక్టర్ వింటే నవ్వేవాడేమో. భయపడ్డ తల్లికి ఏదో ఒకటి చేయకుండా ఉండటం చేతకాదు.

గోలీల కోసం మళ్లీ కరీంనగర్ వెళ్లినప్పుడు, ఎవరికో అన్నట్టు డాక్టర్‌ను అడిగింది. అలవాటైన తిప్పుడేదో, జబ్బు తిప్పుడేదో ఎట్లా కనిపెట్టాలి సారూ? ఆయన తేలికైన ఉపాయం చెప్పాడు. చెయ్యి ఒడిలో పెట్టించి, వెనక్కి లెక్క చెప్పమనాలి. మనసు లెక్క మీదికి పోతే అలవాటు ఆగిపోతుంది, జబ్బు తిప్పుడు ఇంకా ఎక్కువవుతుంది.

పరీక్ష అయితే చేతికొచ్చింది, చేసే గుండె ఎక్కడిది? చేయనంత కాలం కొడుకు బాగున్నట్టే. ఆమె రేపు, ఎల్లుండి అంటూ జరుపుతూ వచ్చింది. ఇంతలో నస్పూర్ నుంచి సంబంధం వచ్చింది. బొగ్గుబాయిలో పనిచేసే నాగయ్య కూతురు బాలలక్ష్మి. పిల్ల చక్కగా ఉంది, వెంకటికీ నచ్చింది. మాట ఇవ్వడానికి శంకరవ్వకు నోరు రాలేదు. ఇవాళ మంచిరోజు కాదంది, మొక్కు బాకీ ఉందంది. ఒక ఆడపిల్లను తెచ్చి, తను పడుతున్న బాధలోకి తెలిసి తెలిసి ఎలా దింపుతుంది? వచ్చే వారం నాగయ్య స్వయంగా వచ్చి అవునో కాదో తేల్చుకుపోతానని కబురు పెట్టాడు. ఇంక జరపడానికి చోటు లేకుండా పోయింది.

కబురు వచ్చిన మధ్యాహ్నమే కరెంటు పోయింది. తండ్రీ కొడుకులు ఇంటి అరుగు మీద కూర్చున్నారు, రెండు చేతులూ తిరుగుతున్నాయి. శంకరవ్వ వచ్చి వాళ్ల ముందు నేల మీద కూలబడింది.

“బిడ్డా, చెయ్యి ఒళ్లె పెట్టుకో. నూరు కాడికెళ్లి ఎనుకకు లెక్క చెప్పు” అంది.

“ఏందే అవ్వా గిది?”

“చెప్పురా.” ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

వెంకటి తల్లి మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. నూరు, తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది. ఆమె అంకెలు వినడం లేదు. వేళ్లనే చూస్తోంది. తొంభైల్లో ఒకచోట తడబడ్డాడు, ఆమె ఇంకా ముందుకు వంగింది. వేళ్లు కదల్లేదు. ఎనభైలు దాటాయి. చెయ్యి ఒడిలో ఉత్త చెయ్యిలా పడి ఉంది. డెబ్భైల్లోకి దిగేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు, చెయ్యి అలికినట్టు కనబడింది. తుడుచుకుని మళ్లీ చూసింది. కదల్లేదు.

“చాలు తియ్” అంది. “మరి గిన్ని దినాలు గా తిప్పుడేందిరా? నా పాణం తోడినవ్ గదరా!”

అప్పుడర్థమైంది వెంకటికి. తలవంచుకుని మెల్లగా చెప్పాడు. ఒకరోజు ఆసామి లింగమూర్తి హోటల్ దగ్గర ఆగి, బాలమల్లు చేతినే అదేపనిగా చూశాడట. ఏందిరా మీ బాపుకు అలవాటు మరీ ముదిరిందే అన్నాడట. ఆసామికి అనుమానం వచ్చిందేమోననుకున్నాడట. అప్పటినుంచి తండ్రి బయట కూర్చున్నప్పుడల్లా పక్కన కూర్చుని తనూ తిప్పడం మొదలుపెట్టాడు.

“ఒక్క చెయ్యి తిరిగితే మంది జూస్తరే అవ్వా. రెండు చేతులు తిరిగితే ఎవలు జూడరు. అతికేటోళ్లింతే అనుకుంటరు.”

“నాకొక మాట చెప్పద్దారా?”

“నీకు చెప్తే ఫికర్ జేస్తవనుకున్న.”

శంకరవ్వకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఫికర్ చేస్తుందనట! వాణ్ని కొట్టబోయినట్టు చెయ్యెత్తి, వాడి చేతినే పట్టుకుని కళ్లకద్దుకుంది. వాడు చెప్పడం ఆపలేదు. మొదట్లో తను తప్పుగా తిప్పుతుంటే బాపే సరిచేశాడట. బాలమల్లు పక్కనే ఉన్నాడు, మొహంలో ఏమీ లేదు. ఆ మొహం మీద వెతికి లాభం లేదని ఆమె ఎప్పుడో నేర్చుకుంది. ఆయన కుడిచెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది. కొడుకు చెయ్యి ఆగిందని పొంగిపోయిన తను ఇంతసేపూ ఈ చెయ్యి వైపు చూడనేలేదని గుర్తొచ్చి ఆమె సిగ్గుపడింది.

కరెంటు వచ్చింది. వాడంతా సాంచాల మోత ఒక్కసారిగా లేచింది. వెంకటి అంగీ దులుపుకుని, నస్పూరోళ్లకు ఏం చెప్తవని అడిగాడు. రమ్మని చెప్పు అంది శంకరవ్వ. వాడు చెప్పులు తొడుక్కుని పనిలోకి పరుగెత్తాడు. అరుగు మీద భార్యాభర్తలే మిగిలారు.

సందు మొగదాల లింగమూర్తి కనబడ్డాడు. సాంచాలు చూసుకోవడానికి ఈ దారినే వస్తున్నాడు, చూపు అరుగు మీదే ఉంది. బాలమల్లు చెయ్యి లోపలికి లాక్కోబోయాడు. ఒళ్లు అంత తొందరగా మాట వింటే ఇంక కావలసిందేముంది? శంకరవ్వ లేచి మొగుడి పక్కన, కొడుకు కూర్చున్న చోట కూర్చుంది. కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి తిప్పడం మొదలుపెట్టింది. కండెలు చుట్టే చెయ్యి, ఈ పని ఎన్నడూ చేసింది కాదు.

లింగమూర్తి దగ్గరికొచ్చాడు, ఇద్దరినీ చూశాడు. “ఏమే శంకరవ్వా, నీగ్గూడ అంటిందా మల్లన్న రోగం?” అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆమె వేళ్లు ఆపలేదు. అప్పుడు బాలమల్లు కొంచెం వంగి, సాంచాల మోతలో వినబడీ వినబడని గొంతుతో ఆమె చెవిలో చెప్పాడు.

“జర మెల్లగ తిప్పు. గంత ఆగమాగం తిప్పితే పోగు తెగుతది.”